కొట్టివేత పక్కన సంతకం

మా అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజుకు పది రోజుల ముందు సంగతి. రాత్రి తొమ్మిదిన్నరకు ఆఫీసు నుంచి వస్తూ మెట్రోలో నిలబడి ఉన్నాను. ఒక చేత్తో పైన కడ్డీ, ఇంకో చేతిలో ఫోను. బొటనవేలితోనే మా ఆవిడకి మెసేజ్ కొట్టాను: “బావగారు ఈసారి కూడా భోజనాల ఖర్చు మన నెత్తిన రుద్దేలా ఉన్నారు. అక్క ఫోన్ చేస్తే దేనికీ ఒప్పుకోకు.”

పంపాక చూస్తే అది మా ఆవిడకి కాదు, ‘మన ఇల్లు’ గ్రూపులోకి వెళ్లింది. అందులో ముప్ఫై ఒక్కమందిమి. అక్క ఉంది, బావగారు ఉన్నారు. బావగారి తమ్ముడు కూడా ఉన్నాడు. ఆయన్ని ఎవరు చేర్చారో ఇప్పటికీ తెలియదు.

గుండె గుభేలుమంది. మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి, చెత్తబుట్ట బొమ్మ తాకి, వచ్చినవాటిలో కంటికి ముందు కనపడినదాన్ని నొక్కేశాను. మెసేజ్ మాయమైంది. హమ్మయ్య అనుకున్నాను. రెండు స్టేషన్లు దాటాక మా ఆవిడ దగ్గర్నుంచి స్క్రీన్‌షాట్ వచ్చింది. అందులో నా మెసేజ్ చెక్కుచెదరకుండా ఉంది. కింద ఆవిడ రాసింది ఒక్క మాట: “ఏమిటిది?”

నేను నొక్కింది ‘డిలీట్ ఫర్ మీ’. ముప్ఫైమంది ఫోన్లలో నా మాట నిక్షేపంగా ఉంది, లేనిది నా ఒక్కడి ఫోన్లోనే. పొరపాటున అది నొక్కితే కొన్ని సెకన్లపాటు కింద ‘అన్‌డూ’ అని కనపడుతుంది. 2022 డిసెంబరులో వాట్సాప్ ఆ సదుపాయం తెచ్చింది నాలాంటివాళ్ల కోసమే. ఆ కంగారులో నా కంటికి అదీ ఆనలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. గ్రూపు అడ్మిన్ తలుచుకుంటే ఎవరు పెట్టిన మెసేజైనా అందరి ఫోన్లలోంచీ తీసేయగలడు.

మా గ్రూపు అడ్మిన్ బావగారు.

తాతగారి బ్లేడు పాఠం

ఆ రాత్రి మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన దస్తావేజులు రాసేవారు. స్టాంపు కాగితం మీద నల్ల సిరాతో, ఊపిరి బిగబట్టి రాసేవారు. ఎంత జాగ్రత్తపడ్డా ఎక్కడో సర్వే నంబరులో ఒక అంకె తప్పుపడేది. అప్పుడాయన బ్లేడుతో గీకేవారు కాదు. తప్పు మీద ఒకే ఒక గీత, కింద ఏం రాశారో చదవడానికి వీలుండేలా కొట్టేవారు. పైన సరైనది రాసి, ఆ పక్కనే రాసిచ్చేవాళ్ల చేత సంతకం పెట్టించేవారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను చెప్పేదీ అదే: దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉండి, వాటి పక్కన రాసిచ్చినవాళ్ల సంతకాలు లేకపోతే రిజిస్ట్రారు ఆ కాగితం తీసుకోనని చెప్పవచ్చు.

“కొట్టేసినందుకు ఎవరూ పట్టుకోరురా, గీకేసినందుకే పట్టుకుంటారు” అనేవారు తాతగారు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. పంపిన మెసేజ్ తీసేయడం తప్పేమీ కాదు. తీసేసి చప్పుడు చేయకుండా ఊరుకోవడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది. తీసేసిన చోట మీ సంతకం ఉండాలి.

తుడిస్తే నిజంగా పోతుందా?

ముందు యంత్రం సంగతి తెలుసుకుందాం. మీరు పంపిన మెసేజ్ అవతలివాళ్ల ఫోన్లోకి దిగాక అది వాళ్ల ఇంట్లో ఉన్న ఉత్తరం లాంటిది. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కితే మీ ఫోన్ అక్కడికి ఇంకో వర్తమానం పంపుతుంది: “ఇందాక ఇచ్చిన ఉత్తరం చించేయండి” అని. అవతలి ఫోన్ ఆ మాట విని చించుతుంది. ఆ ఫోన్‌కి నెట్ లేకపోతే వచ్చేదాకా ఈ కబురు అందదు. ఏ కారణంగానైనా పని జరగకపోతే జరగలేదని వాట్సాప్ మీకు చెప్పదు.

గడువు కూడా ఉంది. ఈ సదుపాయం 2017 చివర్లో వచ్చినప్పుడు ఏడు నిమిషాలే ఇచ్చారు. 2018లో దాన్ని గంటా ఎనిమిది నిమిషాల పదహారు సెకన్లు చేశారు. ఈ చిత్రమైన లెక్క ఎక్కడిదనుకునేరు, అది సరిగ్గా 4096 సెకన్లు, అంటే రెండుని పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య. 2022 ఆగస్టులో గడువు రెండు రోజులు దాటింది. యాపిల్ ఫోన్ల ఐమెసేజ్‌లో వెనక్కి తీసుకోవడానికి రెండు నిమిషాలే. టెలిగ్రామ్‌లో 2019 నుంచి ఇద్దరి మధ్య చాట్‌లో ఏ మెసేజైనా ఎప్పుడైనా ఇద్దరి దగ్గరా తీసేయవచ్చు, ఆనవాలు కూడా మిగలదు.

ఉత్తరం చిరిగినా మిగిలేవి ఉన్నాయి. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే అది పోదు. వేరేచోటికి ఫార్వర్డ్ చేసి ఉంటే ఆ కాపీ పోదు. ఐఫోన్‌లో మీ ఫొటో గ్యాలరీలోకి చేరి ఉంటే, చాట్‌లో పోయినా గ్యాలరీలో ఉండవచ్చు. ఆండ్రాయిడ్ 11 నుంచి ‘నోటిఫికేషన్ హిస్టరీ’ అని ఒకటుంది, అది ఆన్ చేసుకున్నవాళ్లకు పైన మెరిసి మాయమైన ముక్క కూడా దొరకవచ్చు. నీలం టిక్కులు పడలేదు కాబట్టి చూడలేదు అనుకోవడం అమాయకత్వం. చాట్ తెరవకుండా నోటిఫికేషన్‌లోనే చదివేస్తే టిక్కు నీలం కాదు.

కాబట్టి మొదటి సూత్రం ఇలా రాసుకోండి: తీసేసిన మెసేజ్‌ని అవతలివాళ్లు చదివేశారనే లెక్కతోనే తరువాతి అడుగు వేయాలి.

ఖాళీలో పుట్టే దయ్యాలు

చదవలేదే అనుకుందాం. అయినా వాళ్ల తెరమీద ‘దిస్ మెసేజ్ వాజ్ డిలీటెడ్’ అని ఒక బూడిదరంగు గీత మిగులుతుంది. ఆ గీత కూడా మెసేజే. అందులో ఏముందో మీరు చెప్పకపోతే అవతలివాళ్లే రాసుకుంటారు.

మా పక్కింటి పెద్దావిడ కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఒకరోజు వాళ్ల మధ్యాహ్నం ఒకటిన్నరకు, మనకు అర్ధరాత్రి పన్నెండుకు, అమ్మకి ఏదో రాశాడు. ఆఫీసులో కొందరిని తీసేస్తున్నారట, తన పేరు ఉందో లేదో తెలియదట. రాశాక అమ్మ కంగారుపడుతుందేమోనని తీసేశాడు. తీసేసి మీటింగులోకి వెళ్లిపోయాడు.

ఆవిడ తెల్లవారుజామున అయిదింటికి లేచి పాలు స్టౌ మీద పెట్టి ఫోన్ చూసింది. కొడుకు పేరు కింద ఆ గీత. రెండుసార్లు ఫోన్ చేస్తే తీయలేదు, బండి నడుపుతున్నాడు. పాలు పొంగిపోయాయి. ఆరుగంటలకు నేను వాకింగ్‌కి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర పట్టుకుని, ఫోన్ నా చేతిలో పెట్టి అడిగింది: “బాబూ, ఇది వాడే తీశాడా, వాడి ఫోన్ ఇంకెవరి చేతిలోనైనా ఉందంటావా?”

ఆ గంటలో ఆవిడ మనసులో ప్రమాదం జరిగింది, ఆసుపత్రి వచ్చింది, కోడలితో గొడవైంది. ఉద్యోగం అన్న ఆలోచన ఒక్కటే రాలేదు. ఉన్న విషయం చదివి ఉంటే ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, “పోతే పోనీరా, ఇంకోటి వస్తుంది” అని ఉండేది. కొడుకు అమ్మను బాధపెట్టకూడదనుకున్నాడు. ఆ తుడిచిన గీత ఆవిడకు పెట్టిన బాధలో పదో వంతు కూడా ఆ ఉద్యోగం సంగతి పెట్టేది కాదు.

ఇంట్లోనే ఇలా ఉంటే ఆఫీసులో, స్నేహాల్లో చెప్పనక్కర్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మనం గబగబా తీసేసిన ప్రతి మెసేజూ ఏదో దాస్తున్నామని చాటుతుంది. అందులో ఉన్నది వట్టి అక్షరదోషమే అయినా సరే.

ఎప్పుడు తీసేయాలి

నాలుగు సందర్భాల్లో రెండో ఆలోచన లేకుండా తీసేయండి.

ఒకటి, చిరునామా తప్పినప్పుడు. ఒకరికి వెళ్లాల్సింది మరొకరికి వెళితే తీసేయడమే మర్యాద. నొక్కేముందు ఒక్క క్షణం ఆగి ‘ఎవ్రీవన్’ అన్న మాట కంటితో చదవండి. నా మెట్రో కథ మళ్లీ జరగకూడదు.

రెండు, ఇంకొకరి గుట్టు మీ చేతిమీదుగా బయటపడినప్పుడు. స్నేహితుడి మెడికల్ రిపోర్టు, తోటి ఉద్యోగి జీతం, అడక్కుండా ఇచ్చేసిన ఒక అమ్మాయి ఫోన్ నంబరు ఇలాంటివి. తీసేశాక మీ మొదటి ఫోన్ ఆ గుట్టు ఎవరిదో వాళ్లకి వెళ్లాలి. వాళ్లకి ఆ సంగతి మూడోవాళ్ల ద్వారా తెలిస్తే మీ తొలగింపు మిమ్మల్ని కాపాడదు.

మూడు, అబద్ధపు వార్త ఫార్వర్డ్ చేసినప్పుడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. మీ గ్రూపులోంచి అది ఇప్పటికే నాలుగు గ్రూపులకు వెళ్లి ఉంటుంది. కాబట్టి తీసేయడంతో పాటు అదే చోట రాయాలి: “పొద్దున్న నేను పెట్టిన వార్త నిజం కాదు. ఎవరికైనా పంపి ఉంటే వాళ్లకీ చెప్పండి.” ఈ రెండో సగం లేకపోతే మొదటి సగం దండగ.

నాలుగు, కోపంలో పంపి, వెంటనే తెలివొచ్చినప్పుడు. మాట జారడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంత కష్టమైన రోజుల్లో పెరిగాం మనం. రెండు రోజుల గడువు నిజంగా వరమే. వాడుకోండి. ఎలా వాడుకోవాలో కింద చెబుతాను.

ఒక హెచ్చరిక. కార్డు నంబరు, పిన్, ఓటీపీ లాంటివి తెలియనివాళ్లకి పంపేసి ఉంటే మెసేజ్ తీసేయడం వైద్యం కాదు. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఆ చాట్‌ని మాత్రం తుడవకండి, ఫిర్యాదుకి అదే ఆధారం.

ఎప్పుడు ముట్టుకోకూడదు

అక్షరం తప్పుపోతే తీసేయకండి, దిద్దండి. 2023 మే నుంచి వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల్లోపు మెసేజ్‌ని సవరించవచ్చు. పక్కన ‘ఎడిటెడ్’ అని చిన్న అక్షరాలు పడతాయి. తాతగారి ఒంటి గీత అదే అనుకోండి.

డబ్బు, ఒప్పందం, తేదీ ఉన్న మెసేజ్ తీసేయకండి. “అడ్వాన్సు యాభై వేలు ముట్టింది” అని రాసిన ఇంటి ఓనరు మర్నాడు ఆ ముక్క తీసేస్తే, ఆయన ఎంత మంచివాడైనా అద్దెకున్నవాళ్లకి ఆ రాత్రి నిద్ర పట్టదు. లెక్క మారితే కింద కొత్తగా రాయండి: “నిన్న యాభై అన్నాను, చూసుకుంటే నలభై అయిదే వచ్చింది.” పాతదీ కొత్తదీ రెండూ ఉంటేనే నమ్మకం.

గొడవ పోలీసుల దాకానో కోర్టు దాకానో వెళ్లేలా ఉంటే మీవీ అవతలివీ ఏవీ ముట్టుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా గుర్తిస్తుంది. సాక్ష్యం దొరక్కుండా చేయాలని కావాలనే అలాంటి రికార్డును నాశనం చేయడం నేరం. మిమ్మల్ని బెదిరిస్తూ ఎవరైనా రాస్తే అసహ్యం కొద్దీ ఆ చాట్ తుడిచేయాలనిపిస్తుంది. తుడవకండి. ఫోన్‌ని అలాగే ఉంచి, నమ్మకమైనవాళ్లకి చూపించండి.

చివరిది, అన్నిటికంటే సున్నితమైనది. అవతలివాళ్లు చదివి జవాబు కూడా ఇచ్చేశాక మీ మాట తీసేయకండి. అది “నువ్వు చదివింది నేను రాయలేదు” అని దబాయించినట్టుంటుంది. రాసిన మాట ఒక దెబ్బ, తీసేయడం దానిమీద రెండో దెబ్బ. అక్కడ కావలసింది క్షమాపణ. ఆ క్షమాపణ దేనికో తెలియాలంటే ఆ మాట అక్కడే ఉండాలి.

సంతకం పెట్టడం ఎలా

తీసేసిన వెంటనే ఒక వాక్యం, మహా అయితే రెండు. అందులో మూడు సంగతులు తేలాలి: తీసింది నేనే, ఎందుకు తీశాను, మీరు కంగారుపడాల్సిందిగానీ చేయాల్సిందిగానీ ఉందా లేదా. ఇంతకు మించి సంజాయిషీ వద్దు. పేజీలు పేజీలు రాస్తే మళ్లీ భుజాలు తడుముకున్నట్టే.

ఆఫీసులో పైవారికి: “సార్, ఇందాక పంపిన ఫైలులో పోయిన నెల లెక్కలున్నాయి, అందుకే తీసేశాను. సరైనది పది నిమిషాల్లో పంపిస్తాను.”

గ్రూపులో: “వేరేవాళ్లకు పంపాల్సింది పొరపాటున ఇక్కడ పెట్టాను, తీసేశాను. చూసినవాళ్లు మన్నించండి.”

దూరంగా ఉన్న అమ్మకి: “అమ్మా, అందరం బాగున్నాం. ఆఫీసు సంగతి ఒకటి రాశాను, రాయడం కన్నా మాట్లాడితే మేలనిపించి తీసేశాను. నువ్వు లేచే వేళకు నేనే ఫోన్ చేస్తాను.”

గొడవపడ్డ మనిషికి: “కోపంలో ఒక మాట రాసి తీసేశాను. నువ్వు చూశావో లేదో తెలియదు. చూసి ఉంటే, ఆ మాటా నాదే, తప్పూ నాదే.”

ఈ ఆఖరిది రాయడానికి చేయి రాదు. చూడలేదేమో, ఎందుకు తవ్వుకోవడం అనిపిస్తుంది. కానీ మనం ఇందాకే రాసుకున్నాం, చదివేశారనే లెక్కతోనే నడవాలని.

అబద్ధపు సంతకాలు మాత్రం పెట్టకండి. “పిల్లలు ఫోన్‌తో ఆడుకుంటూ నొక్కేశారు”, “నా వాట్సాప్ ఎవరో హ్యాక్ చేశారు” అనేవి ఇప్పుడు ఎవరూ నమ్మరు. మెట్రోలో నిలబడి నేను ఆ రెండోది టైపు చేశాను కూడా. హ్యాకర్‌కి మా భోజనాల ఖర్చుతో పనేమిటని మనసు అడిగితే చెరిపేశాను.

అవతలివాళ్లు తీసేసినప్పుడు

పాఠం రెండువైపులా ఉంది. మీకు వచ్చిన మెసేజ్ మాయమైతే, దగ్గరివాళ్లయితే ఒక్కసారి అడగండి: “ఏదో రాసి తీసేసినట్టున్నావు, అంతా బాగానే ఉందా?” ఏం రాశావని అడగలేదు చూడండి, బాగున్నావా అని అడిగాం. చెప్పాలనుకుంటే చెబుతారు. వద్దనుకుంటే వదిలేయండి. రెండోసారి అడిగితే అది ఆరా.

డిలీట్ చేసిన మెసేజ్‌లు చూపిస్తామనే యాప్‌ల జోలికి వెళ్లకండి. అలాంటివి చాలావరకు పనిచేసేది మీ నోటిఫికేషన్లు చదివే అనుమతి తీసుకునే. ఆ అనుమతి ఇస్తే మీ ఫోన్‌కి వచ్చే బ్యాంకు ఓటీపీ కూడా వాటి కంట పడుతుంది. ఎవరో సిగ్గుపడి వెనక్కి తీసుకున్న మాట కోసం మన ఇంటి తాళాలు ఊరివాళ్లకి ఇవ్వడం ఎందుకు?

ఈ వారం చేయవలసినవి

1. పెద్ద గ్రూపులకు వేరే రంగు వాల్‌పేపర్ పెట్టండి. వాట్సాప్‌లో ఒక్కో చాట్‌కి ఒక్కో వాల్‌పేపర్ పెట్టుకోవచ్చు. నేను ‘మన ఇల్లు’కి మిరపపండు ఎరుపు పెట్టాను. ఎరుపు కనపడితే వేలు తనంతట తనే ఆగుతోంది.

2. పంపే బాణం గుర్తు నొక్కేముందు తల ఎత్తి పైన పేరు చదవండి. పైన పేరు, తరువాత మాట. వారం రోజులు పట్టుబట్టి చేస్తే అలవాటవుతుంది.

3. కోపం మెసేజ్‌లు మీకు మీరే పంపుకోండి. వాట్సాప్‌లో మీ నంబరుకే రాసుకునే వీలుంది. అక్కడ మనసారా తిట్టండి. తెల్లారి కాఫీ తాగుతూ చదవండి. అప్పటికీ పంపాలనిపిస్తే పంపండి.

4. మీ చాట్‌లలో ఈ నెలలో మీరు తీసేసిన గీతలు వెతకండి. సంతకం లేని గీత ఏదైనా ఉంటే, దాని అవతల ఎవరున్నారో వాళ్లకి ఈరోజే ఒక వాక్యం రాయండి.

నాలుగోది చేసేటప్పుడు నా గీత నాకు కనపడదు, నా ఫోన్లో అదసలు లేదు కదా. కానీ మా ఆవిడ ఫోన్లో ఉంది. ఆ మర్నాడు పొద్దున్న ఆరున్నరకు ఆవిడ నిద్రలేపి చూపించింది. నా మెసేజ్ ఉండాల్సిన చోట, అడ్మిన్ దాన్ని తొలగించినట్టు రాసి ఉంది. పక్కన బావగారి పేరు.

అడ్మిన్ తీసేస్తే పేరు పడుతుంది, దాచడానికి వీల్లేదు. ముప్ఫైమంది చూస్తుండగా, తనను అన్న మాటను తనే కొట్టేసి పక్కన సంతకం పెట్టారాయన.

ఎనిమిదింటికి ఫోన్ చేశాను. “బావగారూ, రాత్రి మెసేజ్ నేనే పెట్టాను. ఖర్చు సంగతి మీతో మాట్లాడాల్సింది, మీ వెనక మాట్లాడాను. తప్పు.”

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తరువాత కాఫీ చప్పరించిన చప్పుడు.

“సగం సగం వేసుకుందామోయ్” అన్నారు. “వంటవాడికి అడ్వాన్సు నేనిచ్చేశా. గ్రూపులో రాయనా, నువ్వు రాస్తావా?”